ముప్ఫై దాటాక ఎంబీబీఎస్: ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ నీట్‌కు చదివే పద్ధతి

నీట్ రాయడానికి గరిష్ఠ వయోపరిమితి ఇప్పుడు లేదు. 2017లో జనరల్ అభ్యర్థులకు 25 ఏళ్లు, రిజర్వుడు వర్గాలకు 30 ఏళ్లు అని హద్దు పెట్టారు. ఆ వ్యవహారం హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరకు 2022 మార్చిలో జాతీయ వైద్య కమిషన్ ఆ హద్దును ఎత్తివేసినట్టు తెలియజేసింది. అంతకుముందే, కేసు తేలేదాకా వయసు దాటినవారూ రాయవచ్చని కోర్టు అనుమతించి ఉన్న 2020లో, ఒడిశాలో స్టేట్ బ్యాంకు నుంచి రిటైరైన జయకిశోర్ ప్రధాన్ 64 ఏళ్ల వయసులో నీట్‌లో అర్హత సాధించి బుర్లాలోని ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరారు. ఎన్ని ప్రయత్నాలైనా చేయవచ్చు, పరిమితి లేదు.

కాబట్టి తలుపు తెరిచే ఉంది. నర్సింగ్ చేసి ఆసుపత్రిలో పనిచేస్తున్నవారు, ఫార్మసీ చదివినవారు, ఐటీ ఉద్యోగం మీద మనసు విరిగినవారు, పిల్లలు బడికి పోయే వయసు వచ్చాక మళ్లీ పుస్తకం పట్టిన తల్లులు ఇటువైపు చూస్తున్నారు. వీళ్లలో పట్టుదల లేనివారు తక్కువ. లేనిది సమయం. ఉన్న కాస్త సమయాన్నీ పదిహేడేళ్ల హాస్టల్ విద్యార్థిలా వాడబోయి మూడు నెలల్లో చతికిలబడతారు. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క సమస్య చుట్టూనే తిరుగుతుంది.

మొదటి మెట్టు: పుస్తకాలకంటే ముందు కాగితాలు

ఇంటర్ బైపీసీ చదివినవారికి అర్హత విషయంలో చిక్కు ఉండదు. ఎంపీసీ చదివినవారు కూడా నిరాశపడక్కర్లేదు. ఇంటర్ తర్వాత బయాలజీని అదనపు సబ్జెక్టుగా పూర్తి చేసినవారిని కూడా నీట్‌కు అనుమతిస్తామని కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. జాతీయ ఓపెన్ స్కూలు ద్వారా ఆ సబ్జెక్టు రాయవచ్చు. అయితే ఆ పరీక్ష, ఫలితం, సర్టిఫికెట్ చేతికి రావడం అన్నీ కలిపి ఏడాది పట్టవచ్చు. ఆ ఏడాదినీ మీ లెక్కలో వేసుకోండి.

ఇక స్థానికత. రాష్ట్ర కోటా సీట్లకు కౌన్సెలింగ్ జరిపేది ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం. మీరు ఎక్కడ చదివారన్న దానిమీద స్థానికత తేలుతుంది. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చుకోండి. నిన్నమొన్న ఇంటర్ పాసైన పిల్లలకు ఇది ఒక పూట పని. పదిహేనేళ్ల కిందట చదివినవారికి మాత్రం బడి మూతపడి ఉండవచ్చు, కళాశాల మరో యాజమాన్యం చేతికి పోయి ఉండవచ్చు, రికార్డు మండల విద్యాధికారి కార్యాలయంలో వెతకాల్సి రావచ్చు. సీటు వచ్చాక ఈ తిరుగుడు పెట్టుకోకూడదు.

తర్వాత డబ్బు. ఎంబీబీఎస్ నాలుగున్నర ఏళ్ల చదువు, ఆపై ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ఈ అయిదున్నరేళ్లూ మరో ఉద్యోగం చేయడం కుదరదు. థియరీ తరగతులకు 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు తప్పనిసరి. తెలంగాణ ప్రైవేటు కళాశాలల్లో కన్వీనర్ కోటా (మార్కుల వరుసలో తక్కువ ఫీజుకు ఇచ్చే సీట్లు) ఫీజు ఏడాదికి 60 వేల రూపాయలుగా చాలాకాలంగా ఉంది. యాజమాన్య కోటా బి-కేటగిరీలో అదే ఫీజు 10 లక్షలు దాటిపోతుంది. రెండూ ఒకే భవనంలో, ఒకే తరగతి గదిలో దొరికే చదువులే. మీకు ఎన్ని మార్కులు కావాలో ఈ తేడాయే చెబుతుంది. 2025లో 22 లక్షలకు పైగా అభ్యర్థులు పరీక్ష రాస్తే, జనరల్ విభాగంలో అర్హత మార్కు 720కి 144. అర్హత వచ్చినంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు. మీ వర్గంలో, మీ రాష్ట్రంలో గత ఏడాది చివరి కన్వీనర్ సీటు ఎన్ని మార్కుల దగ్గర ఆగిందో విశ్వవిద్యాలయం జాబితాలో చూసి, ఆ అంకెను గోడకు అంటించుకోండి. మీ గురి అదే.

రెండో మెట్టు: వారంలో దొరికే గంటలు లెక్కపెట్టడం

టైమ్ టేబుల్ రాయడం మన వాళ్లకు మహా ఇష్టం. రంగు పెన్నులతో గీసిన టైమ్ టేబుల్ వారం తిరక్కుండానే చినిగిపోతుంది. దానికి ముందు ఒక వారం పాటు ఉన్నది ఉన్నట్టు రాసుకోండి: ఎప్పుడు లేచారు, ప్రయాణానికి ఎంత పోయింది, ఫోనులో ఎంత పోయింది, వంటకు, పిల్లల హోమ్‌వర్కుకు ఎంత పట్టింది. అందులోంచి నిజంగా తీయగలిగింది ఎంతో చూడండి.

మామూలుగా పూర్తికాలం ఉద్యోగం చేసేవారికి పనిరోజుల్లో రెండున్నర గంటలు, ఆదివారం ఏడు గంటలు, సెలవు ఉంటే శనివారం కూడా కొంత దొరుకుతుంది. వారానికి 22 గంటలు అనుకుందాం. ఏడాదిన్నరలో 78 వారాలు. జ్వరాలు, పండుగలు, ఆఫీసు ఒత్తిళ్లకు 8 వారాలు తీసేస్తే 70 మిగులుతాయి. అంటే 1,540 గంటలు. లాంగ్ టర్మ్ కోచింగ్ హాస్టల్లో రోజుకు 12 గంటలు కూర్చునే విద్యార్థికి అన్ని గంటలు నాలుగున్నర నెలల్లోనే పూర్తవుతాయి. కూర్చునే అన్నాను, చదివే అనలేదు. గంటల సంఖ్యలో మీరు వాళ్లను అందుకోలేరు, అందుకోవాలనే ప్రయత్నమూ వద్దు. ఒక గంట నుంచి పిండుకునే దానిలోనే మీకు అవకాశం ఉంది.

గంటలన్నీ ఒక రకం కావు. ఇల్లు లేవకముందు తెల్లవారుజామున దొరికే గంటన్నర అన్నిటికంటే విలువైనది. దాన్ని ఫిజిక్స్‌కు కేటాయించండి. రాత్రి అలసిన తలతో లెక్కలు చేయబోతే మనమీద మనకే విసుగు పుడుతుంది. ఆ వేళకు బయాలజీ పటాలు గీయడం, ఇనార్గానిక్ కెమిస్ట్రీ ఒప్పజెప్పుకోవడం సరిపోతాయి. బస్సులో, మెట్రోలో గడిచే సమయం పాత పాఠాల కార్డులకు. రాత్రి డ్యూటీలు చేసే నర్సులకు ఈ వరుస పనికిరాదు. వారు గడియారాన్ని వదిలేసి, డ్యూటీ నుంచి వచ్చి నిద్రపోయి లేచాక వచ్చే మొదటి గంటన్నరను తెల్లవారుజాముగా భావించాలి.

నిద్రను తగ్గించి గంటలు సంపాదించవద్దు. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. నాలుగు గంటలు పడుకుని ఆరు గంటలు చదివేవారికంటే ఆరున్నర గంటలు పడుకుని మూడు గంటలు చదివేవారు ఏడాదిన్నర పాటు నిలబడతారు.

మూడో మెట్టు: పుస్తకం మూసి చదవడం

ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. మనలో చాలామందికి చదువంటే ఒకే పేజీని మళ్లీ మళ్లీ చదవడం, రంగు గీతలు గీయడం. మూడోసారి చదివేటప్పటికి అంతా తెలిసినట్టే ఉంటుంది. తీరా పరీక్షలో బిట్టు చూస్తే రెండు ఆప్షన్లు సరిగ్గా ఒకేలా కనిపిస్తాయి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే పరిశీలించారు. పాఠం చదివిన అయిదు నిమిషాలకు పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత పెడితే, చదివినదాన్ని చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారే ముందున్నారు. నీట్ అయిదు నిమిషాల తర్వాత జరగదు.

ఆచరణలో ఇలా చేయండి. ఎన్‌సీఈఆర్‌టీ (జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి) 11వ తరగతి బయాలజీలో విసర్జన పాఠం తీసుకుందాం. మూత్రపిండంలో హెన్లీ శిక్యం మూత్రాన్ని ఎలా గాఢం చేస్తుందో చెప్పే భాగం చిన్నదే. ఒక్కసారి నిదానంగా చదవండి, గీతలు వద్దు. పుస్తకం మూయండి. తెల్లకాగితం మీద కిందికి దిగి వంపు తిరిగి పైకి వచ్చే గొట్టం గీయండి. దాని చుట్టూ ఉండే కణజాల ద్రవం గాఢత పై అంచున 300, లోపలి కొస దగ్గర 1200 అని వేయండి. ఇప్పుడు మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. దిగే భుజం నుంచి బయటికి పోయేది ఏమిటి? నీరు. ఎక్కే భుజం నుంచి? లవణాలు. అక్కడ నీటికి దారి లేదు. మరి ఎక్కే భుజంలో పైకి పోయేకొద్దీ లోపలి ద్రవం చిక్కబడుతుందా, పలచబడుతుందా? ఇక్కడే కలం ఆగుతుంది. లవణం పోయి నీరు మిగిలింది కాబట్టి పలచబడుతుంది. ఆ తడబాటు ఉంది చూశారూ, చదువు జరిగింది ఆ క్షణంలోనే. పుస్తకం తెరిచి ఉంటే ఆ ప్రశ్న మీ ముందుకే రాదు.

అదే పాఠంలో ఒక అంకె ఉంది: మూత్రపిండాలు నిమిషానికి 125 మిల్లీలీటర్లు వడపోస్తాయని. దాన్ని 60తో, తర్వాత 24తో హెచ్చించండి. రోజుకు 180 లీటర్లు. మనం విసర్జించేది దాదాపు లీటరున్నర. మిగతాదంతా తిరిగి పీల్చుకోవాల్సిందే, అంటే 99 శాతం. ఒక్క లెక్కతో మూడు బిట్లకు జవాబు తేలింది. కొత్త పేర్లు తలకెక్కడం పదిహేడేళ్లప్పటికంటే ఇప్పుడు కాస్త నిదానమే. కానీ కారణం పట్టుకుని అంకెలను ముడివేసే నేర్పు వయసుతో పాటు పెరుగుతుంది. దాన్ని వాడుకోండి.

ఇలా మూసి రాసినప్పుడు తప్పిన సంగతులను మాత్రమే కార్డులుగా రాసుకోండి, ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు. ఫోనులో ఆంకి లాంటి ఉచిత యాప్ ఉన్నా, పోస్టుకార్డు సైజు అట్టముక్కలున్నా ఒకటే. తెలిసినవాటికి కూడా కార్డులు రాస్తే కార్డులే మీకు ఇంకో ఉద్యోగమవుతాయి.

మరుపు ఎంత వేగంగా వస్తుందో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తనమీద తాను ప్రయోగాలు చేసుకుని చూపాడు. చదివిన తొలి రోజుల్లోనే ఎక్కువ భాగం జారిపోతుంది. అందుకే ఒక పాఠాన్ని మరుసటి రోజు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు, రెండు నెలలకు తెల్లకాగితం మీద తిరగరాయండి. తొలిసారి గంట పట్టిన పాఠానికి చివరిసారి పది నిమిషాలు చాలు. కొత్త పాఠం మొదలుపెట్టే ముందు ఆ రోజు వంతు వచ్చిన పాత పాఠాలు పూర్తి కావాలి. ఈ క్రమం తలకిందులైతే పుస్తకం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయి ఉంటారు.

నాలుగో మెట్టు: ఫిజిక్స్ భయం, దాని వెనక లెక్కల తుప్పు

180 బిట్లలో బయాలజీ 90, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. చాలా ఏళ్ల తర్వాత వచ్చినవారు బయాలజీని ఇష్టంగా చదువుతారు, ఫిజిక్స్‌ను రేపటికి వాయిదా వేస్తారు. భయం ఫిజిక్స్ మీద అనుకుంటారు గానీ, చాలాసార్లు అసలు ఇబ్బంది లెక్కలది. పరీక్ష హాల్లో కాలిక్యులేటర్ ఉండదు. పది ఘాతాలు, భిన్నాలు, లాగరిథమ్‌లు, సైన్-కాస్ విలువలు, గ్రాఫు వాలు, సదిశల కూడిక, తేలికపాటి అవకలనం, సమాకలనం: మొదటి నెల ఫిజిక్స్ గంటన్నరను వీటికే ఇవ్వండి. ఐటీ నుంచి వచ్చినవారికి ఇది వారం పని. నర్సింగ్ నుంచి వచ్చినవారికి రెండు నెలలైనా ఫర్వాలేదు.

ఆ తర్వాత సూత్రాలను జేబులో ఇమిడే రూపంలో పెట్టుకోండి. 1240ని నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. 620 నానోమీటర్ల కాంతికి 2. ప్లాంక్ స్థిరాంకంతో కుస్తీ పట్టకుండానే బిట్టు అయిపోతుంది. ఇలాంటివి మీరే కనిపెట్టి రాసుకుంటే భయం దానంతటదే తగ్గుతుంది.

ఆసుపత్రుల్లో పనిచేసేవారికి ఒక మాట. బయాలజీ మాకు కొట్టినపిండి అనుకోకండి. అందులో దాదాపు సగం వృక్షశాస్త్రం. మందుల మోతాదు నిద్రలో చెప్పగలిగినవారు కూడా శైవలాల వర్గీకరణ దగ్గర బోర్లా పడతారు.

తెలుగు మాధ్యమంలో చదివినవారు ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లో తెలుగు ప్రశ్నపత్రం ఎంచుకోవచ్చు, పక్కనే ఇంగ్లిషు కూడా ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిషు పాఠాన్నే ప్రామాణికంగా తీసుకుంటారు. ఎంబీబీఎస్ తరగతులు కూడా ఇంగ్లిషులోనే జరుగుతాయి కాబట్టి ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లిషు పుస్తకాన్ని తెలుగు అకాడమీ పుస్తకం పక్కన పెట్టుకుని చదవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

అయిదో మెట్టు: ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి అయిదు

కార్పొరేట్ కళాశాలల నుంచి మీరు అరువు తెచ్చుకోదగ్గది ఒక్కటే, వారాంతపు పరీక్ష. మిగతా ఆర్భాటం అక్కర్లేదు. నీట్ కొన్నేళ్లుగా మధ్యాహ్నం రెండింటికి మొదలవుతోంది, 2025 నుంచి వ్యవధి మూడు గంటలు. భోజనం చేసి కునుకు తీసే సమయమది. మీ ఒంటికి ఆ వేళలో మెలకువగా ఉండటం నేర్పాలంటే ఆదివారం సరిగ్గా ఆ వేళకే కూర్చోండి. మొదటి ఆరునెలలు చదివిన పాఠాల మీద చిన్న పరీక్షలు, తర్వాత పూర్తి పేపర్లు. ఫోను వేరే గదిలో ఉండాలి, ఓఎంఆర్ పత్రం మీద పెన్నుతో గుండ్రాలు నింపాలి.

మూడు గంటలకు 180 బిట్లు, అంటే బిట్టుకు నిమిషం. బయాలజీని 50 నిమిషాల్లో ముగించగలిగితే ఫిజిక్స్‌కు గంటకు పైగా మిగులుతుంది. సరైన జవాబుకు 4, తప్పుకు మైనస్ 1. అసలేమీ తెలియని బిట్టుకు గుడ్డిగా గుర్తు పెడితే సగటున పావు మార్కు వస్తుంది. రెండు ఆప్షన్లను కచ్చితంగా కొట్టేయగలిగితే సగటు ఒకటిన్నర మార్కు. కాబట్టి సగం తెలిసిన బిట్లను వదిలేయడం నష్టం. గుడ్డి గుర్తులతో వచ్చేది మాత్రం దాదాపు సున్నా, పైగా గుండ్రం నింపే సమయం పోతుంది.

పరీక్ష కంటే ఆ సాయంత్రం గంట విలువైనది. ప్రతి తప్పు పక్కన కారణం రాయండి: చదవలేదు, చదివి మరిచాను, లెక్క తప్పింది, ప్రశ్నలో ‘కానిది’ అన్న మాట చూడలేదు. నాలుగైదు వారాల్లో మీ జబ్బు ఏమిటో మీకే తెలుస్తుంది. ప్రశ్న సరిగ్గా చదవకపోవడమే జబ్బయితే కొత్త పుస్తకం కొనడం దానికి మందు కాదు. అన్నట్టు, నలభై దగ్గరపడినవారు పరీక్షకు ముందు కళ్లు చూపించుకోండి. చత్వారం మొదలై, ఓఎంఆర్ పత్రంలో 117 బదులు 118 దగ్గర నింపితే ఏడాదిన్నర కష్టం ఏమవుతుంది?

ఆరో మెట్టు: మనసు జారిపోయే రోజులు

ఉత్సాహం మీద ఆధారపడి టైమ్ టేబుల్ వేసుకోకండి. మొదటి నెల ఆరంభశూరత్వం అందరికీ ఉంటుంది. అసలైన గండం నాలుగో నెలలో వస్తుంది. కొత్తదనం పోతుంది, మార్కులు పెరగవు, పరీక్ష ఇంకా దూరంలో ఉంటుంది. అప్పుడు పనికొచ్చేది ఒక చిన్న నియమం: ఎంత చెడ్డ రోజైనా ఇరవై నిమిషాల కార్డులు తిరగేయకుండా పడుకోకూడదు. అదీ కుదరక వారం పోయిందా, పోయిన పాఠాలను తిరిగి పట్టుకోవాలని రోజుకు ఆరు గంటలు కూర్చోకండి. ఆ అప్పు తీర్చబోయేవారే మొత్తం వదిలేస్తారు. ఈ రోజు వంతు ఈ రోజు చేయండి. వెనకబడిన పాఠాలను మిగిలిన వారాల మీద పరచండి.

‘ఈ వయసులో చదువేమిటి?’ అనే మాట తప్పదు. ఊరందరికీ చెప్పడం వల్ల పట్టుదల పెరుగుతుందని కొందరంటారు. నాకు అది నచ్చదు. చెబితే ప్రతి ఫంక్షన్‌లో ‘ఎంతవరకు వచ్చింది?’ అనే ప్రశ్నకు సమాధానం చెప్పుకుంటూ తిరగాలి. ఇంట్లోవాళ్లకు, పని సర్దుబాటు చేయాల్సిన ఒకరిద్దరికి చెబితే చాలు. కానీ వాళ్లకు మాత్రం పూర్తిగా చెప్పాలి. ‘నేను చదువుకుంటాను, సహకరించండి’ అనేది గాలి మాట. ‘పొద్దున నాలుగున్నర నుంచి ఆరు దాకా తలుపు తట్టవద్దు, ఆదివారం మధ్యాహ్నం పిల్లలు మీ దగ్గర, వచ్చే మే దాకా’ అంటే ఒప్పందం. స్త్రీలకు ఇది మరీ అవసరం. వంటిల్లు ఎవరిదో తేలకుండా టైమ్ టేబుల్ తేలదు.

పరీక్ష సాధారణంగా మే మొదట్లో వస్తుంది. దానికి ముందు ఫిబ్రవరి నుంచి ముహూర్తాలు. దగ్గరివారి పెళ్లికి వెళ్లకుండా ఉండలేం. అక్షింతలు వేసి, భోజనం చేసి, అదే పూట వెనక్కి వచ్చేయవచ్చు. ముందురోజు ప్రధానం, తర్వాతి రోజు సత్యనారాయణ వ్రతం మాత్రం ఈ ఏడాదికి వదులుకోవాలి. ఆఫీసులో సెలవులుంటే చివరి ఆరు వారాలకు దాచుకోండి.

ఆపే చోటును మొదలుపెట్టకముందే నిర్ణయించుకోండి. ఉదాహరణకు రెండు పరీక్షలు, రెండోదానిలో గోడమీది అంకెకు ముప్ఫై మార్కుల దూరంలోకైనా రాకపోతే ఆపేయడం. ప్రయత్నాలకు పరిమితి లేదన్నది నిబంధనల్లో బాగానే ఉంటుంది. మీ భవిష్యనిధికి మాత్రం పరిమితి ఉంది. విదేశాల్లో ఎంబీబీఎస్ అనే దారికీ నీట్ అర్హత కావాలి. 2021 నిబంధనల ప్రకారం అక్కడ 54 నెలల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, తిరిగి వచ్చాక ఇక్కడి అర్హత పరీక్ష, మళ్లీ ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటాయి. ముప్ఫై అయిదు దాటినవారికి కన్సల్టెన్సీలు ఈ లెక్కంతా విడమరచి చెప్పవు.

సీటు వచ్చాక: మొదటి ఏడాది

అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. నీట్ బిట్లకు అలవాటుపడిన చేతికి ఇక్కడ లాంగ్ ఆన్సర్లు రాయాలి, పటాలు గీయాలి, వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, నోరు విప్పాలి. తరగతిలో అందరూ మిమ్మల్ని అన్నా, అక్కా అంటారు. కొందరు అధ్యాపకులు మీకంటే చిన్నవారై ఉంటారు. వారిని సార్, మేడం అని పిలవడానికి మొహమాటపడితే మీకే నష్టం.

సీనియర్ల దగ్గర ఎముకల సెట్టు ముందే మాట్లాడుకోండి. ఎముకను చేతిలో పట్టుకుని, అది కుడివైపుదా ఎడమవైపుదా చెప్పి, కండరాలు అంటుకునే చోట్లను బిగ్గరగా చెప్పడం అలవాటు చేసుకోండి. తెల్లకాగితం పద్ధతికి ఇది మౌఖిక రూపం. తరగతి పిల్లలిద్దరిని కలుపుకుని వారానికి రెండుసార్లు ఒకరినొకరు వైవా అడగండి. వాళ్లకు జ్ఞాపకం చురుకు, మీకు వివరించే ఓపిక ఎక్కువ. బేరం ఇద్దరికీ కుదురుతుంది.

మొదటి ఏడాది పరీక్షలకు నాలుగు అవకాశాలకు మించి ఉండవు. చేరిన తొమ్మిదేళ్లలోగా కోర్సు మొత్తం పూర్తి కావాలి. హాజరు శాతం మీద మాత్రం ఎవరూ కనికరించరు. ఇంట్లో పెద్దవాళ్ల అనారోగ్యం, పిల్లల పరీక్షలు మీకు ఉంటాయి, పక్క బెంచీ కుర్రాడికి ఉండవు. అందుకే మొదటి రెండు నెలల్లో ఒక్క తరగతీ వదలకండి. ఆ మిగులు శాతం తర్వాత ఇంటి అవసరానికి పనికొస్తుంది.